వయసు పెరగని వంతెన

మన వంతెన ఈ ఉదయం కూడా కొత్తదేనని వంతెనల సంరక్షణ శాఖవారు సంతోషంగా ప్రకటించారు. నిన్న కూడా అది కొత్తదే. కిందటి ప్రధాన ఇంజనీరుగారి హయాంలోనూ కొత్తదే, ఆయన ముందాయన హయాంలోనూ కొత్తదే. కట్టి ఎన్నేళ్లయినా, లారీలూ బస్సులూ నీళ్ల ట్యాంకర్లూ దాని వీపు తొక్కుకుంటూ పోతున్నా, వెంట్రుకవాసి కూడా వంగని వంతెన ప్రపంచం మొత్తంలో ఇదొక్కటేనని శాఖవారి నమ్మకం. ఈ నమ్మకాన్ని కాదన్నది ఇంతవరకు ఒక్కరే. ఆవిడ బయటి మనిషి కూడా కాదు, ఆ శాఖలోనే జీతం తీసుకుంటున్న ఇంజనీరమ్మ. ఆవిడ వల్ల ఊరు పడిన ఇబ్బంది మీకు తెలిసిందే. అయినా మరోసారి చెప్పుకోవడం మంచిది. మనకు ఇబ్బంది గుర్తున్నంత బాగా దాని కారణం గుర్తుండదు.

ముందు వంతెన కడుపులో ఉన్న తీగ సంగతి చెప్పాలి. కాంక్రీటు పోసేటప్పుడే ఇనపచువ్వల పక్కన సన్నని గాజు తీగలు పరిచారు. ఒక చివర నుంచి వెలుగు పంపితే, తీగ పొడవునా అక్కడక్కడా చేసిన గుర్తులు ఆ వెలుగులో కొంత వెనక్కి పంపుతాయి. కాంక్రీటు సాగితే తీగా సాగుతుంది, నొక్కుకుంటే తీగా నొక్కుకుంటుంది, వెనక్కి వచ్చే వెలుగు రంగు కంటికి తెలియనంత మారుతుంది. ఆ మార్పును యంత్రం పట్టుకుని తెర మీద అంకెగా చూపిస్తుంది. అంకె చిన్నదైతే ఆకుపచ్చ, పెరిగితే పసుపు, హద్దు దాటితే ఎరుపు. నోరులేని కాంక్రీటుకు నోరిచ్చామని ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నోరంటూ ఇచ్చాక అది మాట్లాడుతుందన్న సంగతి ఆనాడు ఎవరికీ తట్టలేదు.

మొదట్లో అది బుద్ధిగానే ఉంది. ఆ తర్వాత అంకె మెల్లగా కదలడం మొదలుపెట్టింది. అప్పటి ప్రధాన ఇంజనీరుగారు ఎండ వల్ల అన్నారు. వానాకాలం వచ్చాక తేమ వల్ల అన్నారు. చలికాలంలో చలి వల్ల అన్నారు. వేడికీ చలికీ వచ్చే మార్పును పట్టుకోవడానికి పక్కనే ఇంకో తీగ ఉందని, ఆ లెక్క తీసేశాకే యంత్రం అంకె చూపిస్తోందని కిందివాళ్లు నసిగారు. ఆ రెండో తీగకు మాత్రం ఎండ తగలదా అని ఆయన అడిగారు. జవాబు తెలిసినవాళ్లు ఆ గదిలో ఉన్నారు. జవాబు చెప్పినవాళ్లను ఎక్కడికి బదిలీ చేస్తారో కూడా వాళ్లకు తెలుసు.

కొన్నాళ్లకు బదిలీ ఆయనకే వచ్చింది. కొత్తాయన ఛార్జి తీసుకోవడానికి వచ్చారు. కుర్చీలెన్ని, బల్లలెన్ని, ఫ్యాన్లెన్ని, వాటిలో తిరిగేవి ఎన్ని అని చూసుకుని సంతకం పెట్టడం ఆఫీసుల్లో ఉన్న పద్ధతే. ఆయన అన్నీ చూసుకుని తెర దగ్గర ఆగారు. ఈ అంకె ఎవరిదని అడిగారు. పాత సారుగారి కాలంలో వచ్చిందని చెప్పారు. పాతాయన వంచిపోయిన దానికి నేనెందుకు సంతకం పెట్టాలి అన్నారు కొత్తాయన. ఎంత న్యాయమైన ప్రశ్నో చూడండి.

ఆ యంత్రం తెర మీద, మౌసుతో నొక్కే ఒక బటన్ ఉంది. వంతెన పూర్తయిన రోజున వాడమని తయారుచేసినవాళ్లు పెట్టారు. దాన్ని నొక్కితే, వంతెన ఆ క్షణంలో ఎలా ఉందో అలా ఉండడమే సున్నా అని యంత్రం అనుకుంటుంది. వంతెన బతుకులో ఒక్కసారి నొక్కవలసిన బటన్ అది. కొత్తాయన దాన్ని నొక్కించారు. అంకె పోయి సున్నా వచ్చింది, తెర నిండా ఆకుపచ్చ పరుచుకుంది. ఆయన హాయిగా సంతకం పెట్టారు.

ఒకసారి జరిగింది కాబట్టి అది సంప్రదాయమైంది. ప్రధాన ఇంజనీరు మారినప్పుడల్లా ఛార్జి పత్రాల మీద సంతకం, ఆ వెంటనే సున్నా. మౌసు కింద కొత్త గుడ్డ పరిచేవారు. ఫొటోగ్రాఫరు వచ్చేవాడు. కొత్త అధికారి చూపుడువేలు మీదకు కెమెరా వెలుగు పడేది. ఆ శాఖలో ప్రధాన ఇంజనీరు కుర్చీ ఎవరికీ ఎక్కువకాలం దక్కదు కనుక, ఒక్కొక్కరి హయాంలో వంతెన వంగేది కూడా కొద్దిగానే. ఎవరి వంగుడూ హద్దు దాటలేదు. ఎవరి తెరా ఎర్రబడలేదు. అందరికీ ప్రమోషన్లు వచ్చాయి. ఆఫీసు గోడ మీద వాళ్ల ఫొటోలు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కరి కిందా హయాం వంగుడు "నామమాత్రం" అని రాసి ఉంది. వంతెనను చూసే అవసరం లేకుండా వంతెన ఎంత భద్రంగా ఉందో ఆ గోడ చూస్తే తెలుస్తుంది.

ఈ పద్ధతి సాఫీగా నడుస్తున్న రోజుల్లో ఇంజనీరమ్మను తెర గదిలో వేశారు. ఆ చదువు చదివింది కాబట్టి వేశారు గాని, ఆ చదువుతో అక్కడ పనేమీ లేదు. గది వంతెన మొదట్లో, మేడ మీద ఉంటుంది. చల్లదనం మిషను యంత్రం కోసం బిగించారు, దాని గాలి మనిషికి తగిలితే అది మనిషి అదృష్టం. ఆవిడ రోజూ ఉదయం తెర చూసి "యథాతథం" అని పైకి పంపాలి, పెద్దవాళ్లు మారినప్పుడు మౌసు కింద గుడ్డ సర్దాలి. ఆఫీసులో ఆవిడను సున్నా మేడం అనేవారు. ఆవిడ కూడా నవ్వి ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం పనిలేక, ఎవరూ తెరవని ఒక పేజీ తెరిచింది. అందులో రంగులూ లేవు, హద్దులూ లేవు, తీగల నుంచి వెనక్కి వచ్చిన వెలుగు ఎలా వచ్చిందో అలాగే ఉంది. సున్నా బటన్ ఆ పేజీని ముట్టుకోదు. వంతెన పూర్తయిన నాటి వెలుగుకూ ఆ మధ్యాహ్నం వచ్చిన వెలుగుకూ తేడా చూసింది. ఎందరో పెద్దలు తలాకొంచెం పంచుకున్న వంగుడంతా అక్కడ ఒక్కచోట ఉంది. అది ఎర్రరంగు హద్దుకు దాదాపు రెట్టింపు. అన్నిటికంటే ఎక్కువ వంగింది నడిమి భాగం. ఆ నడిమి భాగం కింద ఏముందో ఆవిడకు గుర్తొచ్చింది.

దాని కింద ఆవిడ అక్క ఉంది.

వంతెన కింద చోటు వృథా కాకూడదని శాఖవారే స్తంభాల మధ్య గోడలు లేపి గదులుగా చేసి అద్దెకిచ్చారు. నడిమి గదిలో అక్క కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాములు కుడుతుంది. బావ కాజాలు తీసి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేస్తాడు. ఇంజనీరమ్మ మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని రోజూ అక్కడే తినేది. నీలం గుడ్డ మీద పైనుంచి బూడిదరంగు పొడి రాలుతూ ఉండేది, అక్క కుడుతూ కుడుతూనే మోచేత్తో దులిపేసుకునేది. బావకు ఇంకో పని కూడా ఉండేది. ఆ గది తలుపు తరచూ పైన పట్టేసేది. పట్టినప్పుడల్లా ఆయన చిత్రిక తెచ్చి తలుపు పైఅంచు కాస్త చెక్కేవాడు. కర్ర ఉబ్బిందని ఆయన అనుకునేవాడు. చెక్కగా చెక్కగా ఆ తలుపు పక్కకొట్టు తలుపు కంటే జానెడు పొట్టిదైంది. ఇన్నాళ్లూ ఆ గుమ్మంలోంచి తాను కూడా తల వంచుకునే లోపలికి వెళ్తున్నానని ఇంజనీరమ్మకు ఆ రోజు తెలిసింది.

ఆవిడ అదే రోజు ప్రధాన ఇంజనీరుగారి గదికి వెళ్లింది. పెద్ద బండ్లను కొన్నాళ్లు ఆపితే, నడిమి భాగానికి కింద ఆసరా కట్టి దూలాలను గట్టిచేస్తే వంతెన నిలుస్తుందని, ముందు కింద ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలని చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని ఇలా సెలవిచ్చారు:

"చూడమ్మా, నువ్వు చదువుకున్నదానివి. ఒక అధికారి వంగుడు ఆ అధికారికి సంబంధించిన విషయం. దాన్ని ఇంకో అధికారి వంగుడుతో కలపడానికి నీకు అధికారం ఎవరిచ్చారు? కూడిక అనేది పైస్థాయిలో చేసే పని. తెర చూడమని నిన్ను వేశాం, కూడమని వేయలేదు. ఇక బాగుచెయ్యడం అంటావా, బాగుచెయ్యాలంటే ముందు పాడైందని ఒప్పుకోవాలి. పాడైందని ఒప్పుకుంటే ఎవరి హయాంలో పాడైందని అడుగుతారు. ఎవరి హయాంలో పాడైందమ్మా? చెప్పు."

నిజానికి ఎవరి హయాంలోనూ పాడవలేదు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదని మీరూ ఒప్పుకుంటారు.

అయినా శాఖవారు నిర్లక్ష్యం చేశారని ఎవరూ అనకూడదు. అనధికార కూడిక మీద విచారణకు ముగ్గురు పెద్దలతో సంఘం వేశారు. సంఘం వంతెన కిందికి కూడా వెళ్లింది. ముగ్గురూ పసుపు టోపీలు పెట్టుకుని అక్క కొట్టులోకి దూరారు. వాళ్లలో పొడుగాయన నెత్తి దూలానికి కొట్టుకుంది. టోపీ ఉండబట్టి సరిపోయింది. ప్రమాదాన్ని సంఘం కళ్లారా చూసింది కనుక వెంటనే చర్య తీసుకుంది. మర్నాడే ఆ గుమ్మానికి "తల వంచి లోనికి రండి" అని ఎనామెలు బోర్డు వచ్చింది. బావే దాన్ని మేకులు కొట్టి బిగించుకున్నాడు, ఇంత త్వరగా పని చేసే శాఖ ఇంకోటి లేదని మెచ్చుకున్నాడు కూడా.

సంఘం తన నివేదికలో తీగ స్వభావాన్ని లోతుగా పరిశీలించింది. తీగ గాజుది. గాజు సహజంగా పిరికిది, చిన్నదానికే బెంబేలు పడుతుంది. కాంక్రీటు మాత్రం ఇంతవరకు ఏ ఫిర్యాదూ చేయలేదు. కాబట్టి కాంక్రీటు ధైర్యంగా ఉండగా గాజు మాట పట్టుకుని ప్రజలను కంగారు పెట్టడం తగదు. ఇకముందు వంతెనల్లో తీగలు వేసేటప్పుడు, మంచి మాత్రమే చెప్పే రకం దొరుకుతుందేమో చూడాలని సంఘం సిఫారసు చేసింది. ఇంజనీరమ్మను మందలించి వదిలేశారు. ఆవిడ వయసులో చిన్నదని, ఇంకా నేర్చుకుంటుందని ఆశ పెట్టుకున్నారు.

ఆవిడ అక్కకు చెప్పింది. అక్క దారం తెంపుతూ వింది. మీ తెర మీద ఆకుపచ్చే ఉందిగా, రోజూ యథాతథమని పంపేది నువ్వేగా అంది. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, సగం యూనిఫాములు ఇంకా కత్తిరింపులోనే ఉన్నాయి, అవి అయ్యాక చూద్దామని అక్క మళ్లీ మిషను తొక్కింది.

ఇంతలో మన వంతెనకు ఉత్తమ వంతెన పురస్కారం వచ్చింది. ఇన్నేళ్లూ సున్నా తప్ప ఇంకో అంకె చూపించని వంతెన మరెక్కడా లేదని పురస్కారం ఇచ్చేవాళ్లు రాశారు. దాన్ని అందుకోవడానికి మంత్రిగారు వస్తున్నారు. వంతెన ఆరోగ్యం ప్రజలందరికీ కనపడాలని రెండు చివర్లా సినిమా తెరంత బోర్డులు పెట్టారు. బోర్డు ఎర్రబడితే గేట్లు వాటంతటవే దిగేలా ఏర్పాటు కూడా చేశారు. అది ఎన్నడూ ఎర్రబడదు కనుక ఆ ఏర్పాటుకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

సభ మొదలైంది. బోర్డు అప్పటికి చీకటిగా ఉంది. మంత్రిగారు వేదిక మీద మీట నొక్కగానే దాని మీద పెద్ద సున్నా వెలగాలి, ఆ ఏర్పాటు తెర గదిలోంచి ఇంజనీరమ్మ చేయాలి. ప్రధాన ఇంజనీరుగారు మైకు ముందు నిలబడ్డారు.

"మహాజనులారా! వంతెనలు వంగే కాలం ఇది. కాని మన వంతెన ఎవరి ముందూ వంగదు. దీనికి కారణం సిమెంటు కాదు, ఇనుము కాదు. దీన్ని మేం చూసిన చూపు. మా ముందున్న పెద్దలందరూ దీన్ని ఎలా అప్పగించారో మేమూ అలాగే అప్పగిస్తాం. మంత్రిగారు మీట నొక్కగానే మీరు చూడబోయే ఆ సున్నా, మా శాఖ చేసిన సేవకు సరైన కొలత!"

మంత్రిగారు మీట నొక్కారు. తెర గదిలో ఇంజనీరమ్మ సున్నా బటన్ ముట్టుకోలేదు. వెలుగు పేజీలోని మొత్తాన్ని అలాగే బోర్డుకు ఎక్కించింది. ఆ సమయంలో ఆవిడ దేశం గురించి గాని, సత్యం గురించి గాని ఆలోచించలేదు. నడిమి గదిలో మిషను మీదకు వంగి ఉన్న అక్క వీపు ఒక్కటే ఆవిడకు కనిపించింది. బోర్డు ఎర్రగా వెలిగింది. గేట్లు దిగాయి. మంత్రిగారి కార్లు వంతెనకు అవతలి చివర, మంత్రిగారు ఇవతలి చివర ఉండిపోయారు.

వంతెన మూతపడింది. మొదటి రోజు ఊరు ఊరంతా ఇంజనీరమ్మను నెత్తిన పెట్టుకుంది. ఎన్ని ప్రాణాలు కాపాడిందో అన్నారు. పత్రికలు ఆవిడ ఫొటో వేశాయి. గేటు దగ్గర జనం నిలబడి, అమ్మో, మనం ఇన్నాళ్లూ దీని మీదేనా తిరిగింది అని ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత ఆఫీసులకు వెళ్లవలసిన రోజు వచ్చింది. చుట్టూ తిరిగి రెండో వంతెన మీదుగా పోతే సగం పొద్దు దారిలోనే గడిచిపోతోంది. కూరగాయలు వాడిపోతున్నాయి. పిల్లలు బడికి చేరేసరికి రెండో గంట కొడుతున్నారు. అప్పుడు ఆలోచన మొదలైంది. అంత వంగితే పడిపోవాలి కదా, పడలేదు కదా, అంటే వంగలేదన్నమాటే కదా అని ఒకరన్నారు. ఆ వాదనలో బలం ఉందని అందరికీ అనిపించింది. ఇంతకీ ఆవిడకు ప్రమోషను రాలేదట, అందుకే ఇదంతా అని ఇంకొకరన్నారు. అందులో ఇంకా ఎక్కువ బలం కనిపించింది. పత్రికల్లో మళ్లీ అదే ఫొటో వచ్చింది, ఈసారి దాని పైన "మొండితనం" అని ఉంది.

ప్రజలు ఊరుకోలేదు. మన ప్రజలు దేనికైనా ఊరుకుంటారు గాని, ఆఫీసుకు ఆలస్యమైతే ఊరుకోరు. గేటు ముందు షామియానా వేసి బైఠాయించారు. "మా సున్నా మాకు కావాలి" అని నినాదం. ఇన్నేళ్లుగా అనుభవిస్తున్న సున్నాను ఒక్క ఉద్యోగి లాగేసుకోవడం ఏమిటని ఒక వ్యాపారి ఉపన్యసిస్తే విజిల్స్ వేశారు. ముందు వరసలో పొడవాటి బ్యానరు పట్టుకుని వంతెన కింద కొట్లవాళ్లు కూర్చున్నారు. అంచులు చక్కగా మడిచి కుట్టిన బ్యానరు అది. ఆ కుట్టు ఎవరిదో ఇంజనీరమ్మ దూరం నుంచే గుర్తుపట్టింది. బ్యానరు ఒక కొస బావ చేతిలో, రెండో కొస అక్క చేతిలో ఉన్నాయి.

ఆవిడ జనం మధ్యలోంచి వెళ్లి అక్క పక్కన చతికిలబడింది.

"నేను అబద్ధం చెప్పాననుకుంటున్నావా అక్కా?"

"నువ్వెందుకు చెబుతావే. నా నెత్తి మీద ఉన్నదాని సంగతి నాకు తెలీదా? మీ బావ తలుపు చెక్కడం నేను చూస్తూనే ఉన్నాగా."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"పైన బండ్లు తిరిగితేనే కింద నా మిషను తిరుగుతుంది. పిల్లల్ని బడికి దింపడానికి వచ్చేవాళ్లు దారిలో దిగి కొలతలిచ్చి వెళ్తారు. గేటు పడ్డాక ఒక్కరొచ్చారేమో చూడు. కుట్టినవి కూడా తీసుకెళ్లలేదు."

"మా ముందుగదిలో మిషను వేసుకో. నేను చూసుకుంటాను."

"నీ ముందుగదికి ఎవరొస్తారే పిచ్చిమొహమా? నువ్వు ఎరుపు చూపించావు, బాగానే ఉంది. ఆ తర్వాత నన్నెక్కడికి పొమ్మంటావో ఎవరైనా చూపించారా? మంత్రి చూపించాడా? మీ పెద్దసారు చూపించాడా? వీళ్లందరూ ఉన్నారు, ఒక్కరైనా అడిగారా? అదేదీ లేనప్పుడు ఆకుపచ్చే నయం. కనీసం పొద్దున లేచి పనికి పోబుద్ధేస్తుంది."

చెల్లెలు ఏడ్చింది. అక్క బ్యానరు కొస వదలకుండానే రెండో చేత్తో ఆవిడ కళ్లు తుడిచింది. పక్కనున్నవాళ్లు దాన్ని చూసి, పశ్చాత్తాపపడుతోంది పాపం అనుకున్నారు.

ప్రజాభిప్రాయం ముందు ఏ ప్రభుత్వమైనా తల వంచాలి. మంత్రిగారు ప్రధాన ఇంజనీరుగారిని పిలిపించి, ప్రజలు కోరుకున్నది ప్రజలకే ఇచ్చేయమన్నారు. ఆయన తెలివైనవారు. ఇంతకాలం సున్నా అధికారుల చేతిలో ఉండబట్టే అపవాదు వచ్చిందని గ్రహించారు. వారం తిరగకుండానే వంతెన రెండు చివర్లా, ప్రతి వరసకూ ఒక స్తంభం, స్తంభానికి అరచేతంత ఆకుపచ్చ బటన్ వెలిశాయి. బండి వచ్చి ఆగుతుంది. అందులో ఉన్నవారు చెయ్యి చాచి బటన్ నొక్కుతారు. వంతెన ఆ క్షణం నుంచి సున్నా అవుతుంది, గేటు లేస్తుంది, వాళ్లు కొత్త వంతెన మీద దాటి వెళ్తారు. వెనకవాళ్లు వచ్చి మళ్లీ నొక్కుతారు. ఎవరి హయాం వాళ్లది, ఎవరి వంగుడు వాళ్లది. ఒక మనిషి దాటేంతసేపట్లో వంతెన ఎంతని వంగుతుంది? నామమాత్రం. వెలుగు పేజీ మాత్రం ఎవరికీ ఉపయోగం లేనిదని తీసేశారు.

ప్రారంభోత్సవం నాడు ఆయన మాట్లాడింది కొద్దిగానే. బాధ్యతను ఇంత సమానంగా పంచిన శాఖ ఇంకెక్కడైనా ఉంటే చూపించమన్నారు. ఎవరూ చూపించలేకపోయారు. మొదటి బటన్ నొక్కడానికి వంతెన కింద బతికేవాళ్లలోంచి ఒకరిని ఎంపిక చేశారు. అక్క కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఇంజనీరమ్మ జనంలో వెనకగా నిలబడి ఉంది. అక్క ఒక్కసారి ఆవిడ వంక చూసి, ఆ చూపు తిప్పుకోకుండానే నొక్కింది. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఇంజనీరమ్మను పనిలోంచి తీసేయలేదు. శాఖవారు పగ పట్టే రకం కాదు. ఆ బటన్లు ఇరుక్కుపోకుండా చూసుకోవడం ఇప్పుడు ఆవిడ ఉద్యోగం, గుడ్డా నూనెసీసా ఇచ్చారు. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఇప్పటికీ అక్క కొట్టుకే వెళ్తుంది. అక్కను బయటికి తేలేకపోయింది కాబట్టి తానే వెళ్లి పక్కన కూర్చుంటుంది. భయం పోలేదు. బరువు లారీ పైనుంచి వెళ్తే ముద్ద చేత్తో పట్టుకుని పైకి చూస్తుంది. అప్పుడు అక్క మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపి, కుట్టుకుంటూ ఉంటుంది.

మొన్న ఉదయం ఆవిడ స్కూటరు మీద ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్తూ గేటు దగ్గర ఆగింది. చెయ్యి చాచింది. వేలు బటన్ మీద పెట్టింది. అక్క కొట్టు తెరిచే వేళ అది. ఏమనిపించిందో, నొక్కలేకపోయింది. గేటు లేవలేదు. ఆవిడ వెనక ఒక కారు, ఆ కారు వెనక కనుచూపుమేర వరస. ఎవరైనా ఒక్కరు దిగివచ్చి, ఏమ్మా, ఏమైందని అడిగితే ఆవిడ చెప్పేదే. చెప్పాలనే ఉంది ఆవిడకు. ఎవరూ దిగలేదు. ముందు ఒక్క హారన్ మోగింది, దాని వెనక మిగతావన్నీ మోగాయి. ఆవిడ తిరిగి చూసింది. ఆ మొదటి హారన్ ఎవరిదో శాఖ రికార్డుల్లో లేదు. ఆ ఉదయం మీకు ఆఫీసుకు ఆలస్యమైందని మాత్రం నాకు తెలుసు.

ఆవిడ నొక్కింది. తర్వాత మీరు నొక్కారు.